రేకు పడవకు వంతపాట

క్వేకర్స్ హిల్, సిడ్నీ
12 మార్చి 1989

వదినా, ఓ వదినా!

దేవుడి దయవల్ల మేమంతా బాగున్నాం, మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక అరుస్తాను. దొరికిందే! టిన్ కెనూ వాళ్ళ మూడో రికార్డు దొరికింది!

బ్లాక్‌టౌన్‌లో రామ్‌లాల్ అంకుల్ అని ఫిజీ ఆయన ఉన్నారని చెప్పాను చూడు. అక్కడ గొడవలయ్యాక కుటుంబంతో వచ్చేశారు. వాళ్ళ తాతలు మన వైజాగ్ వైపు నుంచి చెరుకు తోటలకి వెళ్ళినవాళ్ళట. హిందీ క్యాసెట్లు, ఇంగ్లీషు రికార్డులు, చేమదుంపలు అన్నీ ఒకే కొట్లో అమ్ముతారు. నేను వెళ్ళినప్పుడల్లా అడిగి అడిగి ప్రాణం తీస్తున్నానేమో, నిన్న మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేసి, "అమ్మా, నీ రేకు పడవ ఒడ్డుకొచ్చింది" అన్నారు. యూనిఫామ్ మార్చుకోకుండానే పరిగెత్తాను. ఎబెన్ కారులో కూర్చుని, "మన పెళ్ళికైనా ఇంత తొందరగా వచ్చావా?" అని దెప్పాడు. రాలేదు మరి, ఉన్నమాటే!

రికార్డు పేరు 'నైన్ మైల్ ఐస్'. అట్టమీద గడ్డకట్టిన చెరువు, దానిమీద ఒక కుర్చీ. అంతే. లోపల మాత్రం వదినా, మళ్ళీ మన పాత వాళ్ళే! మొదటి రికార్డు గుర్తుందా? కాకినాడలో నర్సుల క్వార్టర్స్‌కి ఐరీన్ దొరసానిగారు కెనడా నుంచి పంపిన క్యాసెట్? "మా చెల్లెలి కొడుకు ఓలాఫ్ డ్రమ్ములు కొడతాడు. వాడూ వాడి స్నేహితులూ నా గ్యారేజీలో చేసిన గోల ఇది. మీకు గోల ఇష్టం కదా" అని చీటీ కూడా పెట్టారు. రెండో వైపు చివర్లో కుక్క మొరుగుతుంది, ఎవరో దాన్ని కసురుతారు. ఆ కసురుడు మనం పాటలో భాగమనుకుని అది కూడా నేర్చుకున్నాం. రెండో రికార్డు సంగతి ఎత్తకు, నాకు కోపం వస్తుంది. ఈ మూడోదాంట్లో మళ్ళీ వెండెల్ గొంతు గొంతులాగే ఉంది, ఓలాఫ్ కొడుతుంటే మా గోడమీది ఫోటో వంకర అయింది.

క్యాసెట్టులోకి ఎక్కించి దీంతోపాటే పంపుతున్నాను. ఇంతకీ నీ పాట సంగతి చెప్పు. అక్కడ చర్చి క్వయర్‌లో చేరావన్నావు. హాస్టల్ ప్రార్థనలో ఐరీన్ గారు నేర్పిన పాట నువ్వు ఎత్తుకుంటే అరవైమందిమి వంత పాడేవాళ్ళం కదే. పుస్తకం ముగ్గురికొకటి, అందుకని నువ్వో లైను, మేమంతా మళ్ళీ అదే లైను. నీ గొంతు పెర్త్‌లో ఎలా మోగుతోందో అని నాకు ఒకటే ఆత్రంగా ఉంది.

అన్నయ్యకు నా వందనాలు. ఏతాన్ బుగ్గ గట్టిగా గిల్లు.

పాట ఆపకుండా రాసిన
మరియరాణి


కానింగ్ వేల్, పెర్త్
2 ఏప్రిల్ 1989

మా అల్లరి మరదలికి,

క్యాసెట్ చేరింది. పోస్టాఫీసు ఆవిడ పార్సిల్ ఊపి చూసి, లోపల ఏదో విరిగినట్టుందండీ అంది. విరగలేదమ్మా, అది ఓలాఫ్ అని చెప్పాలనిపించింది.

నువ్వు ఎత్తొద్దన్నావు కాబట్టి రెండో రికార్డు సంగతే ముందు ఎత్తుతాను. 'గ్లాస్ పియానో'కి పెద్ద కంపెనీ డబ్బు పెట్టింది, దాంతో పెళ్ళికూతురికి పౌడరు మరీ ఎక్కువైపోయినట్టయింది. మొహం కనబడితేగా! అందులో డ్రమ్ములు కొట్టింది ఓలాఫా, మిషనా అని నేనప్పుడే అడిగాను. నువ్వేమో "కాదొదినా, ఇది ప్రోగ్రెస్" అని ఆరు నెలలు వెనకేసుకొచ్చావు. ఇప్పుడు కోపం వస్తుందట! నీకు సిగ్గుండాలి.

ఈ మూడోది మాత్రం నిజంగా బావుంది. మూడో పాటలో వెండెల్ ఊపిరి పీల్చుకోవడం వినబడుతుంది చూడు, అక్కడ ప్రాణం లేచొచ్చింది. గంట సేపు వంటింట్లో పెట్టుకుని విన్నాను, పులుసు అడుగంటింది. మీ అన్నయ్య వచ్చి, "ఏంటీ, రేకు పడవకి మళ్ళీ చిల్లు పడిందా, ఇంత చప్పుడు?" అన్నారు. ఆయన సంగతి నీకు తెలిసిందేగా. పాటంటే ఇష్టమూ లేదు, కోపమూ లేదు. పెళ్ళిలో అందరూ పాడుతుంటే ఆయన పెదాలు బిగించుకుని నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఆ నోట్లోంచి ఒక్క కూనిరాగం రాలేదంటే నమ్ము. ఏతాన్‌కి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. నిన్న మాత్రం అన్నం ప్లేటుమీద చెంచాలతో ఓలాఫ్‌లా వాయించాడు. కొట్టబోయి ఆగిపోయాను, తాళం సరిగ్గా ఉంది.

క్వయర్ సంగతి అడిగావు. బాగానే ఉంది. నన్ను ముందు వరసలో నిలబెడతారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళకపోతే ఆ క్వయర్‌కి కళే లేదంటారు. క్రిస్మస్ ఫోటోలో కూడా మధ్యలో నేనే. ఫోటో ఇందులో పెడుతున్నాను, చూడు, నోరు ఎంత బాగా తెరిచానో.

ఇక్కడ ఎండలు తగ్గాయి. ఊరగాయ పంపమన్నావు, పంపను. నువ్వే వచ్చి తిను.

రెండో రికార్డు నీ నెత్తిన కొట్టాలని ఉన్న
హెలెనా


క్వేకర్స్ హిల్, సిడ్నీ
7 అక్టోబర్ 1990

వదినా! కూర్చున్నావా? నిలబడి ఉంటే కూర్చో. చేతిలో గరిటె ఉంటే పక్కన పెట్టు.

ఓలాఫ్‌కి నేను ఇంజెక్షన్ ఇచ్చాను.

అవునే, ఆ ఓలాఫ్‌కే! ఎక్కడ ఇచ్చానో అది కూడా నువ్వనుకున్నదే. ఇప్పుడు కుదురుగా చెబుతాను, గుండెమీద చెయ్యేసుకుని విను.

నేను ఇప్పుడు విండ్సర్‌లో ఒక క్లినిక్‌లో పని చేస్తున్నాను కదా. మొన్న మధ్యాహ్నం ఒక పొడుగాటి తెల్లాయన నెత్తిమీద తువ్వాలు అదిమి పట్టుకుని వచ్చాడు. తువ్వాలంతా రక్తం. ఏమయ్యిందంటే, "నలుపూ తెలుపూ పిట్ట" అన్నాడు. మాగ్‌పై! ఇది వాటి గూళ్ళ కాలం కదా, దారినపోయేవాళ్ళ నెత్తిన పొడుస్తాయి. ఇక్కడి పిల్లలు ఐస్‌క్రీం డబ్బాలు బోర్లించుకుని తిరుగుతారు. కెనడా ఆయనకేం తెలుసు పాపం! డాక్టరు రెండు కుట్లు వేసి, టెటనస్ ఇమ్మన్నారు. కాయితం చూశాను. ఓలాఫ్ అని ఉంది. కెనడా అని ఉంది. చేతులు చూశాను, అరచేతులనిండా కాయలు. సూది చేతిలో ఉండగానే అడిగేశాను, "మీరు ఐరీన్ దొరసానిగారి చెల్లెలి కొడుకా?" అని.

అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. నేను తిరగొద్దని కసిరి, ఇంజెక్షన్ ఇచ్చి, దూది అద్ది, అప్పుడు మొదటి రికార్డులో కుక్కని కసిరిన మాట కసిరినట్టే అన్నాను. వదినా, అంత మనిషీ మంచంమీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ కసిరింది ఐరీన్ గారేనట! మన దొరసానిగారి గొంతు ఇన్నేళ్ళూ మన దగ్గరే ఉంటే మనం పోల్చుకోలేదు!

ఇక అసలు సంగతి. టిన్ కెనూ వాళ్ళు నాలుగో రికార్డు ఇక్కడే చేస్తున్నారు. విండ్సర్ అవతల గొర్రెల బొచ్చు కత్తిరించే పాత షెడ్డు అద్దెకి తీసుకున్నారు. వాళ్ళ దేశంలో ఉంటే రోజూ పోట్లాటేనట, దూరం వస్తే సర్దుకుంటుందని వచ్చారట. ఇదే ఆఖరిదేమో అని కూడా అన్నాడు. చివరి పాటకి వాళ్ళకి గుంపుగా పాడేవాళ్ళు కావాలి. సిటీ నుంచి ట్రెయినింగ్ ఉన్న క్వయర్‌ని పిలిచారట. "ఆసుపత్రి దుప్పటిలా ఉంది, మరీ శుభ్రం" అన్నాడు. కడుపులోంచి పాడేవాళ్ళు కావాలన్నాడు.

నేను ఊరుకుంటానా! మా బ్లాక్‌టౌన్ తెలుగు ప్రార్థన కూటం మొత్తాన్ని తెస్తానన్నాను. అంతటితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మా వదిన పెర్త్‌లో పెద్ద క్వయర్‌కి ముందు నిలబడి పాడుతుంది, ఆవిడ వచ్చి ఎత్తుకుంటుంది అని కూడా చెప్పేశాను. అతను వెండెల్‌తో కూడా చెప్పాడట!

డిసెంబర్ మొదటి శనివారం. నువ్వు రావాలి. రావాలంటే రావాలి.

కాళ్ళు నేలమీద నిలవని
మరియ


కానింగ్ వేల్, పెర్త్
19 అక్టోబర్ 1990

ప్రియమైన మరియరాణికి,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. ఓలాఫ్ గారి గాయం తగ్గిందని తలుస్తాను.

రావడం మాత్రం వీలు కాదు. ఏతాన్‌కి స్కూలు ఉంది. మీ అన్నయ్యకి ఆఫీసులో ఊపిరాడని పని. ఆసుపత్రిలో నాకు సెలవు ఇవ్వరు. అదీగాక ఈమధ్య గొంతు బాగుండటం లేదు, చల్లగాలికి పట్టేస్తోంది. ఇక్కడి క్వయర్‌లో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు కూడా ఉంది, నేను లేకపోతే వాళ్ళకి ఇబ్బంది. అక్కడ మీ అందరూ ఉన్నారు కదా. చంద్రావతి ఆంటీకి మంచి గొంతు ఉందని నువ్వే రాశావు. ఆవిడని ఎత్తుకోమను.

ఇలా నన్ను అడగకుండా మాట ఇవ్వకు. బాగుండదు.

ఎబెన్ గారికి, పాప డయానాకి మా దీవెనలు.

ఇట్లు
హెలెనా

చెల్లాయికి దీవెనలు. ఉత్తరం పోస్టు చెయ్యమని ఇచ్చింది, కింద ఖాళీ ఉందని నేను నాలుగు ముక్కలు రాస్తున్నాను. మీ వదిన ఎందుకు రానంటోందో నాకు అర్థం కావట్లేదు. నాకు ఆఫీసులో పెద్ద పనేమీ లేదు, ఏతాన్‌ని నేను చూసుకుంటాను. గొంతుకి ఏ జబ్బూ లేదు. చర్చిలో ఎలాగూ మూడేళ్ళుగా గొంతు వాడక్కర్లేదు. ఆవిడ గొంతు మరీ పెద్దది, మిగతావాళ్ళని మింగేస్తోంది, కాబట్టి పాడకుండా నోరు మాత్రం కదపమని క్వయర్ మాస్టర్ గారు మొదట్లోనే చెప్పారు. చీర బావుంటుందని ముందు వరసలోనే ఉంచారు. అందుచేత గొంతు బాగా విశ్రాంతిగా ఉంది. నేను రైలు టికెట్ కొంటాను. ఇట్లు, ఆనందబాబు.


క్వేకర్స్ హిల్, సిడ్నీ
2 నవంబర్ 1990

వదినా,

అన్నయ్య కింద ఏం రాశాడో నీకు తెలీదు కదూ? ఆయనకీ తెలీదు ఏం రాశాడో! అలాంటి మనిషి దొరకాలంటే పెట్టి పుట్టాలి.

నోరు కదపాలా? నీచేత? మూడేళ్ళా? ఆ క్వయర్ మాస్టర్‌కి నేను టెటనస్ ఇస్తాను, మొద్దుబారిన సూదితో! ఉత్తరం చదివి వంటింట్లో గిన్నెలన్నీ గట్టిగట్టిగా తోమాను. ఎబెన్ భయపడి డయానాని తీసుకుని పార్కుకి వెళ్ళిపోయాడు. ఆ ఫోటో మళ్ళీ తీసి చూశాను. నోరు ఎంత బాగా తెరిచానో చూడు అని రాశావు. నేనేమో చూసి మురిసిపోయి ఫ్రిజ్‌మీద అంటించాను, మొద్దుమొహాన్ని!

నాకెందుకు చెప్పలేదని అడగను. నీకు ఏడుపొచ్చే చోట నువ్వు చీర సంగతి చెబుతావు, చిన్నప్పటినుంచీ అంతే.

ఒక్కటే మాట. పాడమని అనను. ఎత్తుకోమని కూడా అనను. వచ్చి నా పక్కన కూర్చో చాలు. నోరే కదుపు, ఎవరు చూడొచ్చారు! రైలు ఎక్కు. స్టేషన్లో బండి ఆగేలోపే నేను కేకలు పెడతాను, నా గొంతుని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ఆపలేదు.

నీ
మరియ


పెర్త్ తిరుగు రైల్లో, నల్లార్బర్ మైదానం మధ్య
5 డిసెంబర్ 1990

ఒసే మరియా,

కిటికీలోంచి చూస్తే చెట్టు లేదు, పుట్ట లేదు. నిన్నటినుంచీ ఇదే వరస. ఎదురు సీట్లో ముసలాయన నిద్రపోతున్నాడు. ఉత్తరం రాయడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు. మీ ఇంట్లో శనివారం సంగతి ఎవరు వచ్చినా నువ్వే చెప్పావు. నేను నోరు తెరిస్తే "ఆగొదినా, నేను చెబుతా" అన్నావు. పైగా నువ్వు కూర్చున్నది వెనక, స్తంభం చాటున. నీకేం కనబడింది! ఇప్పుడు నా వంతు.

షెడ్డులోకి అడుగుపెట్టగానే మనవాళ్ళంతా చెప్పులు గుమ్మం దగ్గర విడిచేశారు చూడు, అక్కడే నాకు సగం భయం పోయింది. పాట పాడబోతూ చెప్పులతో ఎవరు వెళ్తారు? అది చూసి వెండెల్ కూడా బూట్లు విప్పేశాడు. గొర్రెల జిడ్డు పట్టిన చెక్కనేల, పాపం, రెండడుగులు వేసేసరికి జర్రున జారాడు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, రామ్‌లాల్ అంకుల్ ఢోలక్ పట్టుకుని మధ్యలో. రికార్డింగ్ చేసే పెద్దమనిషి కుర్చీలు తెప్పిస్తే ఒక్కరూ కూర్చోలేదు. చాపలు పరుచుకున్నాం.

ఆయన చెప్పింది ఏంటి? "వెండెల్‌తో కలిసి పాడండి." అందరూ తలలు ఊపారు. టేపు తిరిగింది. వెండెల్ ఎత్తుకున్నాడు, "అవతలి గట్టున ఎవరది?" అని ఆ పాట మొదలు, ఇంగ్లీషులో. అతను పాడుతుంటే మనవాళ్ళు బుద్ధిమంతుల్లా నోరు మూసుకుని విన్నారు. అతను ఆ లైను ముగించి రెండో లైనులోకి వెళ్ళగానే ముప్పైమందీ కలిసి మొదటి లైను అందుకున్నారు! కడుపులోంచి! పెద్దమనిషి ఉలిక్కిపడి టేపు ఆపాడు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ తలలు ఊపారు. ఈసారి సగంమంది అతనితో, సగంమంది అతని వెనక, ఎవరిది ఏ లైనో దేవుడికే తెలియాలి. ఆయన బయటికి వెళ్ళి సిగరెట్టు కాల్చుకుని వచ్చాడు. మనవాళ్ళకి తప్పేంటో అర్థం కాలేదు. పాడేవాడు పాడితే తిప్పి పాడాలి గాని, మీద పడి అతనితోపాటు పాడటం ఏం మర్యాద?

ఇప్పుడు నీకు తెలియనిది చెబుతాను. ఆ రెండుసార్లూ నేను పాడలేదు. నోరే కదిపాను. నువ్వు వెనకనుంచి వదిన గొంతు వినబడుతోందని మురిసిపోయావట, అది చంద్రావతి ఆంటీదే తల్లీ. నాకు గొంతు రాలేదు. పెదాలు తెరవడం, మూయడం, అంతా అలవాటుగా జరిగిపోతోంది. ఎంత బాగా నేర్చుకున్నానో అని నాకే ఏడుపొచ్చింది.

మూడోసారి ఓలాఫ్ లేచి, "వాళ్ళకి నచ్చినట్టు పాడనివ్వండి, మా పెద్దమ్మ కూడా అలాగే నేర్పేది" అన్నాడు. వెండెల్ ఒక లైను, మనవాళ్ళు ఒక లైను. అబ్బ! నువ్వు స్తంభం చాటునుంచైనా విన్నావు కదా. నీళ్ళమీద కేక వేస్తే అవతలి గట్టు బదులు పలికినట్టుంది. ఒక చరణం, రెండు చరణాలు. మూడో చరణం మొదట్లో వెండెల్ గొంతు జీరబోయి ఆగిపోయింది. వారం రోజులుగా అరిచీ అరిచీ పుండైపోయిన గొంతు.

టేపు తిరుగుతోంది. ఓలాఫ్ కొడుతూనే ఉన్నాడు. ముప్పైమంది నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు, వంత పాడటానికి లైను కావాలి. ఎత్తుకునేవాళ్ళు లేరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నా మొహం చూశారు. నా నోరు ఎలాగూ తెరిచే ఉంది కదా, గొంతు దానంతటదే వచ్చేసింది.

ఇంగ్లీషు మాటలు ఒక్కటి గుర్తుకొస్తే ఒట్టు! "అవతలి గట్టున ఎవరదీ, దీపం ఊపేది ఎవరదీ" అని తెలుగులోనే పడిపోయింది. ఇక మనవాళ్ళకి పట్టపగ్గాలు ఉంటాయా? ఢోలక్ ఎత్తుకుంది. రేకులు అదిరాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు పాడానో తెలీదు. కళ్ళు తెరిచేసరికి ఆ పెద్దమనిషి చేతులు రెండూ నెత్తిమీద పెట్టుకుని నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. "ఎవ్వరూ ఏమీ ముట్టుకోకండి" అన్నాడు, అంతే.

మరియా, నా గొంతు పెద్దదేనే. పోనీ, పెద్దదే. ఆ షెడ్డు సరిపోయింది దానికి.

కాల్‌గూర్లీలో పోస్టు చేస్తాను. మీ అన్నయ్యకి ఇదంతా ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీదు.

గొంతు బొంగురుపోయి హాయిగా ఉన్న
హెలెనా


క్వేకర్స్ హిల్, సిడ్నీ
11 ఆగస్టు 1991

వదినా, వదినా, వదినా!

వచ్చేసింది! 'ది షియరింగ్ షెడ్'! అట్టమీద ఏముందో చెప్పుకో చూద్దాం. మన చెప్పులు! గుమ్మం దగ్గర కుప్పగా పడున్న మన చెప్పులు, మధ్యలో వెండెల్ బూట్లు! ఎడమవైపు తెగిన స్ట్రాపుది నాది, డబ్బులుండి కూడా కొనుక్కోలేదని ఎబెన్ పరువు పోయినట్టు గింజుకుంటున్నాడు.

రెండో వైపు ఆఖరి పాట మనదే. కోయలేదు, తుడవలేదు. వెండెల్ గొంతు జీరబోవడం ఉంది, ఆ తర్వాత ఖాళీ ఉంది, ఆ తర్వాత నువ్వు. వదినా, నేను ఉన్నాను కదా ఆ రోజు, అయినా ఇప్పుడు వింటుంటే చేతులమీద రోమాలు నిక్కపొడుచుకున్నాయి. వెనక అట్టమీద "ఐరీన్ పెద్దమ్మ పిల్లలు, బ్లాక్‌టౌన్" అని ఉంది. కింద విడిగా "ఎత్తుకున్నది హెలెనా". ఎత్తుకోవడం అన్న మాటని ఇంగ్లీషులో ఏమనాలో తెలీక ఓలాఫ్ నాకు ఫోన్ చేశాడు, తెలుగు మాటే ఉంచమన్నాను. రేడియోలో ఈ వారం మూడుసార్లు వేశారు. రామ్‌లాల్ అంకుల్ కొట్టు బయట స్పీకరు పెట్టి, చేమదుంపలు కొనేవాళ్ళందరికీ "ఢోలక్ నేనే" అని చెబుతున్నారు. మొన్న పార్కులో బార్బెక్యూ పొయ్యి దగ్గర ఎవరో ఈ పాట పెద్దగా పెట్టుకుంటే, మా కూటంవాళ్ళంతా చేతిలో ప్లేట్లతో నిలబడి మళ్ళీ వంత పాడారు. సాసేజీలు మాడిపోయాయి.

చెడ్డ కబురు కూడా చెప్పాలి. టిన్ కెనూ ఇక లేదు. ఇదే ఆఖరి రికార్డు. వెండెల్ ఒంటరిగా పాడుకుంటాడట, ఓలాఫ్ వాళ్ళ నాన్నతో చేపల పడవ మీద వెళ్తాడట. గ్యారేజీలో మొదలై గొర్రెల షెడ్డులో అయిపోయింది. నాలుగే రికార్డులు, అందులో ఒకటి మనకి పడనే పడలేదు! ఏడుద్దామని కూర్చున్నాను, కానీ ఆ పాట రాగానే ఏడుపు ఎటో పోయింది. కుక్కని కసిరిన గొంతు మొదటిదాంట్లో, నీ గొంతు ఆఖరిదాంట్లో. ఐరీన్ గారు విని, "హెలెనా ఇంకా ఊపిరి లైను మధ్యలోనే తీసుకుంటోంది, ఎన్నిసార్లు చెప్పాను!" అన్నారట.

ఒక రికార్డు నీకు, ఒకటి ఆ క్వయర్ మాస్టర్‌కి పంపుతున్నాను. రెండోది ఇస్తావో, నెత్తిన కొడతావో నీ ఇష్టం.

నీ వంతపాట
మరియ


కానింగ్ వేల్, పెర్త్
3 సెప్టెంబర్ 1991

నా బంగారు మరదలికి,

రెండో రికార్డు ఇవ్వలేదు, కొట్టలేదు. దాచుకున్నాను. ఒకటి అరిగిపోతే ఉండాలి కదా.

పార్సిల్ విప్పగానే ఏతాన్ పట్టుకెళ్ళి పెట్టాడు. ఆఖరి పాట దాకా ఊరుకుని, "మమ్, దట్స్ యూ! యూ కెన్ సింగ్?" అన్నాడు. ఆరేళ్ళ కొడుక్కి తల్లి పాడుతుందని తెలీదే మరియా. నాకు ఆ మాట తగిలింది. మీ అన్నయ్య మాత్రం కుర్చీ స్పీకరు దగ్గరికి జరుపుకుని, మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ, మళ్ళీ. పడుకోబోయేముందు, "ఆ క్వయర్ మాస్టర్ నోరు కదపమంటే నేను అదేదో ట్రెయినింగ్ అనుకున్నాను" అన్నారు. అంతే, అటు తిరిగి పడుకున్నారు.

మొన్న ఆదివారం ఇక్కడ ఫాదర్స్ డే. క్వయర్ మాస్టర్ దగ్గరికి ముందే వెళ్ళి చెప్పాను. "పాడితే గొంతుతో పాడతాను. లేదంటే కింద కూర్చుంటాను." ఆయన ఎంతో మర్యాదగా నవ్వి, "కింద సౌకర్యంగా ఉంటుంది" అన్నాడు. సరేనని ఆకుపచ్చ పట్టుచీరతోనే వెళ్ళి మీ అన్నయ్యకీ ఏతాన్‌కీ మధ్యన కూర్చున్నాను.

ఆర్గన్ మొదలైంది. పైన క్వయర్ మొదటి లైను పాడింది. నేనూ పాడాను, కింద, పూర్తి గొంతుతో. ముందు బెంచీలో నలుగురు వెనక్కి తిరిగారు. చూడనీ అనుకున్నాను. లైను అయింది, క్వయర్ రెండో లైనులోకి వెళ్ళింది. అప్పుడు నా పక్కనుంచి ఏదో చప్పుడు వచ్చింది. ముందు ఎవరికో పొలమారిందనుకున్నాను.

మీ అన్నయ్య! మొదటి లైను తిప్పి పాడుతున్నారు! చర్చిలో ఒక్కరే, నిటారుగా నిలబడి, శ్రుతి అనేది లేకుండా, తలుపు కీచుమన్నట్టు, గట్టిగా! ఇక్కడ ఎవరూ తిప్పి పాడరని ఆయనకి తెలీదా? తెలుసు. నేను రెండో లైను పాడాను. ఆయన రెండో లైను తిప్పారు. ఇటువైపు ఏతాన్ కూడా కలిశాడు. మూడో లైనుకి వెనక బెంచీలో ఉన్న డచ్చి ఆంటీ అందుకుంది, ఆవిడతో వాళ్ళాయన. చివరి చరణానికి కిందవాళ్ళు సగంమంది ఒక లైను వెనకబడిపోయారు, ఆర్గన్ ఆవిడ ఎవరి కోసం ఆగాలో తెలీక తల తిప్పి చూస్తోంది, క్వయర్ ముందుకు పోలేక నిలబడిపోయింది. పాస్టరు గారు నవ్వాపుకోలేక బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అయ్యాక క్వయర్ మాస్టర్ గుమ్మం దగ్గర పట్టుకున్నాడు. మొహం కందిపోయి ఉంది. "మిసెస్ ఆనందబాబు, వచ్చే వారంనుంచి దయచేసి పైకి వచ్చి పాడండి, గొంతుతోనే" అన్నాడు.

మీ అన్నయ్య వైపు చూశాను. ఆయన ఏమీ ఎరగనట్టు టై సర్దుకుంటున్నారు.

"రాలేనండీ, కింద నాకు వంత పాడేవాళ్ళున్నారు" అన్నాను.

నీ
హెలెనా

చెల్లాయికి దీవెనలు. కింద కొంచెం ఖాళీ ఉంది. ఆదివారంనుంచి గొంతు నొప్పిగా ఉంది, మాట రావట్లేదు. నర్సువి కదా, మందేదైనా ఉంటే రాయి. వచ్చే ఆదివారానికి తగ్గాలి. ఇట్లు, ఆనందబాబు.